సొంత బరువు

నర్సు మాబున్ని కళ్ళ ముందు ఆ నెలంతా ఒకే ఒక్క ఎర్రబొట్టు ఆడుతూ ఉండేది.

రాళ్ళకొత్తూరు పిల్లల కేంద్రంలో గోడకు ఒక పెద్ద చెక్కబోర్డు ఉంది. ఊళ్ళోని అయిదేళ్ళలోపు పిల్లల పేర్లన్నీ దాని మీద రాసి ఉంటాయి. ప్రతి పేరు పక్కనా ఒక స్టిక్కరు బొట్టు. ఇన్ని నెలల బిడ్డ కనీసం ఇంత బరువుండాలని డాక్టర్లు గీసిన గీత ఒకటుంది. బిడ్డ బరువు ఆ గీతకు పైనుంటే పచ్చబొట్టు, కిందుంటే ఎర్రబొట్టు. గాజులమ్ముకునే ఆయన దగ్గర పచ్చవీ ఎర్రవీ అట్టలకట్టలు కొని, ప్రతి నెలా తూకం అయ్యాక మాబున్నే తన చేత్తో అంటించేది.

మూడేళ్ళ కిందట ఆ బోర్డు పెట్టిన రోజున నూటపన్నెండు మందిలో నలభై ఒక్కమందికి ఎర్రబొట్లే. ఇప్పుడు ఒక్కటే మిగిలింది. మిగతా నలభైనీ ఆమె గోటితో గీకి తీసింది. ఏ బొట్టు ఏ రోజున తీసిందో అడిగితే ఇప్పటికీ చెప్పగలదు.

రాళ్ళకొత్తూరు నాపరాతి గనుల ఊరు. ఆడా మగా అందరికీ గనుల్లోనే పని. మాబున్ని పట్నంలో నర్సు చదువు చదివి, ఆరేళ్ళు ఆసుపత్రిలో పనిచేసి, మనసు ఎక్కడా నిలవక కరీముల్లా షా దగ్గరికి వచ్చింది. ఆయన సూఫీ గురువు. ఊరి చివర సున్నం కొట్టిన రెండు గదుల్లో ఉంటాడు. తురకలూ హిందువులూ అందరూ ఆయన్ని తాతా అని పిలుస్తారు. మాబున్ని మాత్రం హజ్రత్ అంటుంది. తనకు దేవుణ్ణి తలుచుకునే దారి చూపమని ఆమె అడిగింది. ఆయన రెండు గదుల్లో ఒక గది ఖాళీ చేసి, దూలానికి ఒక కాటా వేలాడదీయించి, "ఇక్కడ మొదలుపెట్టు" అన్నాడు.

ఆమె మొదలుపెట్టింది. వెనక్కి తిరిగి చూడలేదు.

పిల్లలకు రాగిజావ, చదువు చెప్పే పంతులమ్మ, నెలకోసారి డాక్టరు, నీళ్ళు కాచి తాగే అలవాటు, అన్నీ ఆమె తెచ్చినవే. పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి బోర్డు చూసి పోయేవారు. ఇప్పుడు హైదరాబాదు నుంచి ఒక ధర్మసంస్థవాళ్ళు కూడా వస్తామన్నారు. చూసి బాగుందనిపిస్తే చుట్టూ ఉన్న మరో అయిదు గనుల ఊళ్ళలో ఇలాంటి కేంద్రాలే పెట్టిస్తారు. అన్నిటినీ మాబున్ని చేతికే ఇస్తారు. వచ్చే నెల తూకం రోజునే వాళ్ళ రాక.

అప్పటికి ఆ ఒక్క ఎర్రబొట్టు కూడా లేకుండా చేయాలని ఆమె పట్టుదల.

గురువారం నాడు గురువు దగ్గరికి వెళ్ళింది. కరీముల్లా షా లావు కళ్ళద్దాలు పెట్టుకుని, దువా రాసిన కాగితాన్ని సన్నగా చుట్టి, రాగి తాయెత్తులోకి దూరుస్తున్నాడు.

"హజ్రత్, ఒక తల్లి నా మాట వినడం లేదు."

"ఎవరు?"

"సుంకమ్మ. కూతురు చెన్నికి పదకొండు నెలలు. నాలుగు నెలల నుంచి గీత కిందే ఉంది. మిగతా తల్లులందరూ నేర్చుకున్నారు. ఈమె ఒక్కతే నేర్చుకోదు."

"తూకానికి వస్తుందా?"

"ప్రతి నెలా అందరికన్నా ముందే వస్తుంది. అదే నాకు అర్థం కాదు. వస్తుంది, ఎర్రచాప మీద కూర్చుంటుంది, నేను చెప్పిందంతా వింటుంది, పోతుంది."

"ఎర్రచాపేమిటి?"

అది తాను కనిపెట్టిన పద్ధతి. మాబున్ని ఇష్టంగా చెప్పింది. తూకం అయ్యాక, బిడ్డ గీతకు పైనున్న తల్లులకు ముందువైపు పచ్చచాప. వాళ్ళ పేర్లు పిలిచి అందరూ చప్పట్లు కొడతారు. వాళ్ళ పిల్లలకే మొదట జావ పోస్తారు. బాగా బరువు పెరిగిన బిడ్డ తల్లి లేచి నాలుగు మాటలు కూడా చెబుతుంది. గీతకు కిందున్న బిడ్డల తల్లులకు గోడవారగా ఎర్రచాప. వాళ్ళు మరో గంటసేపు కూర్చుని పాఠం వినిపోవాలి. గనులకు సెలవు దొరికేది సంత రోజున. తూకమూ ఆ రోజే. అందరూ సంతకు పోతూ కిటికీలోంచి వాళ్ళను చూస్తూ పోతారు.

"నాలుగు నెలల కిందట ఈ చాపలు వేసినప్పటి నుంచే హజ్రత్, ఆఖరి పదీ పన్నెండూ చకచకా పైకి వచ్చేశాయి. కొంచెం సిగ్గనిపిస్తేనే కదా మనిషి నేర్చుకునేది."

ఆయన చేతుల్లో కాగితం చుట్ట ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

"ఈసారి తూకానికి నేనూ రావచ్చునా?"

మాబున్ని ముఖం వెలిగింది. మూడేళ్ళలో ఆయన పక్క గదిలోనే ఉన్నాడు గానీ, తూకం రోజున గుమ్మం తొక్కింది లేదు.

"మీరొస్తే ఆ సుంకమ్మకు కూడా బుద్ధి వస్తుంది హజ్రత్."

"ఎవరో ఒకరికి వస్తుందిలే" అన్నాడాయన.

సంత రోజు పొద్దున ఎనిమిదికల్లా గది నిండిపోయింది. దూలానికి కాటా వేలాడుతోంది. దాని కొక్కేనికి బిడ్డను కూర్చోబెట్టే గుడ్డ ఉయ్యాల. ఎప్పటిలాగే మాబున్ని ముందుగా రెండు కిలోల ఇనపగుండు తగిలించి చూసింది. ముల్లు రెండు దగ్గర నిలిచింది.

కరీముల్లా షా వచ్చి కాటా పక్కనే నేలమీద బాసీపట్టు వేసి కూర్చున్నాడు.

"ఏం తాతా, నువ్వు గూడా తూకానికొచ్చినావా? ఎక్కిస్తామా ఉయ్యాల్లోకి?" అంది ఖాజాబీ.

ఖాజాబీ నోరు పెద్దది. మూడు నెలలుగా పచ్చచాప మీద మొదటి స్థానం ఆమెదే. ఆమె కొడుకు ఇమాం ఏ నెలకా నెల గీత దాటి కూర్చుంటున్నాడు. లేచి నాలుగు మాటలు చెప్పమంటే పది చెప్పేది ఆమే.

"నా వయసుకు గీత యాడుందో డాక్టర్లకు తెలీదమ్మా" అన్నాడాయన.

ఆడవాళ్ళంతా నవ్వారు. ఆయనా నవ్వి, భుజం మీది పచ్చ శాలువా తీసి ఒళ్ళో పరుచుకున్నాడు.

"నెలవంక కనిపించింది. నేను కట్టిన తాయెత్తులు పాతబడినాయి. అన్నీ విప్పి నా ఒళ్ళో వేయండి. కడియాలు, మొలతాళ్ళు, నేను ఊదిచ్చినవేవైనా సరే. మళ్ళీ దువా చదివి పోయేటప్పుడు ఇస్తా."

నవ్వులు ఆగిపోయాయి.

తూచేటప్పుడు బిడ్డ ఒంటిమీద ఏమీ ఉండకూడదన్నది నర్సు చదువులో మొదటి పాఠం. మాబున్నికి అది తెలియక కాదు. గౌను విప్పిస్తుంది, చెప్పులు విప్పిస్తుంది. కానీ హజ్రత్ కట్టిన తాయెత్తును విప్పమనడానికి మాత్రం ఆమెకు నోరు రాలేదు. తన గురువు వేసిన ముడిని తానెట్లా విప్పిస్తుంది? తరవాత తరవాత తల్లులు, "ఈ కడియాలు గూడా తాత ఊదిచ్చినవే సిస్టరమ్మా" అనడం మొదలుపెట్టారు. "ఈ మొలతాడు గూడా" అన్నారు. ఆమె వాటి జోలికీ పోలేదు. ఇంతమంది తన గురువును ఇంతగా నమ్ముతున్నారని లోలోపల పొంగిపోయింది కూడా.

"తూకమయినాక ఇస్తాంలే తాతా" అంది ఖాజాబీ. "ఇప్పుడు విప్పితే పిల్లోళ్ళు ఏడుస్తారు."

"ఏడవనీ. ఏడుపుకు బరువుండదు."

"దిష్టి తగల్దా?" అని వెనకనుంచి ఇంకొకామె.

"నేను ఈడనే కూచొని ఉండా గదమ్మా. నన్ను దాటుకొని వచ్చే దిష్టి ఏది?"

తాత మాట కాదనే అలవాటు ఆ ఊళ్ళో లేదు.

మొదట సుంకమ్మ లేచింది. చెన్ని మెడలో ఒక నల్లదారం తప్ప ఏమీ లేదు.

"ఇది నువ్వు కట్టింది కాదు తాతా. మా యమ్మ కట్టింది."

"అయితే ఉండనీ."

ముల్లు ఆరుకిలోల ఆరువందల దగ్గర ఆగింది. పోయిన నెల ఆరున్నర. "వంద గ్రాములు" అని మాబున్ని నిట్టూర్చింది. సుంకమ్మ ఏమీ అనకుండా బిడ్డను చంకనేసుకుని, ఎవరూ చెప్పకముందే గోడవారగా పోయి ఎర్రచాప మీద కూర్చుంది.

తరవాత ఖాజాబీ. కొడుకు చేతులకున్న రెండు ఇత్తడి కడియాలు, కాళ్ళకున్న రెండు, నడుముకు గంటల మొలతాడు, మెడలో ఒకటి, రెండు జబ్బలకూ రెండు రాగి తాయెత్తులు విప్పింది. ఒక్కొక్కటీ తాత ఒళ్ళో పడుతుంటే చప్పుడవుతోంది. ఆమె ఎవరి వైపూ చూడలేదు.

ఉయ్యాల్లో ఇమాం కాళ్ళాడించాడు. ముల్లు ఊగి ఊగి ఏడుకిలోల ఏడువందల దగ్గర నిలిచింది.

పోయిన నెల ఎనిమిదీ మూడువందలు.

మాబున్ని కాటా అద్దం మీద వేలితో కొట్టింది. ముల్లు కదల్లేదు. పిల్లవాణ్ణి దించి ఇనపగుండు తగిలించింది. సరిగ్గా రెండు. మళ్ళీ పిల్లవాణ్ణి ఎక్కించింది. ఏడూ ఏడువందలే.

"వీడికి జ్వరమొచ్చిందా? విరేచనాలు పట్టుకున్నాయా?"

"ఏమీ లేదు సిస్టరమ్మా" అంది ఖాజాబీ. అంత చిన్న గొంతు ఆమెకు ఉందని ఎవరికీ తెలియదు.

తరవాతి బిడ్డ బరువు ఏమీ తగ్గలేదు. ఆ తరవాతి బిడ్డ నాలుగువందలు తగ్గింది. ఇంకొకడు అయిదువందలు. ఏడో బిడ్డను దించుతూ మాబున్ని తల తిప్పింది. గురువు ఒళ్ళో శాలువా మధ్యకు కుంగి ఉంది. ఇత్తడి, రాగి, ఇనుము. ఒక తాయెత్తయితే పెద్దవాళ్ళ బొటనవేలంత లావుంది.

ఆమె చెవులు వేడెక్కాయి. మూడేళ్ళ బోర్డు, నలభై బొట్లు, వచ్చే నెల రాబోయేవాళ్ళు, చప్పట్లు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

"ఖాజాబీ!" అంటూ తిరిగింది.

"బేటీ" అన్నాడు కరీముల్లా షా. "నాకు కాళ్ళు తిమ్మిరెక్కినాయి. ఇది కాసేపు నువ్వు పట్టుకో."

శాలువా నాలుగు కొనలూ కూడదీసి ఆమె రెండు చేతుల్లో పెట్టాడు. చంటిబిడ్డను ఎత్తుకున్నంత బరువుంది. ఆయన గోడ పట్టుకుని మెల్లగా లేచి, కాటా దగ్గరికి వెళ్ళి, ముల్లుకు ముక్కు ఆనించినంత దగ్గరగా ముఖం పెట్టాడు.

"నేను చూసి చెప్తా. ఎవరికన్నా అంకెలు రాయడం వచ్చునా?"

"నాకొచ్చు తాతా" అని గోడ దగ్గర నుంచి సుంకమ్మ అంది. "పదో తరగతి దాకా పోయినా."

మాబున్నికి ఆ సంగతి తెలియదు. నాలుగు నెలలుగా ఆమెకు పాఠం చెబుతోంది గానీ, ఎంతదాకా చదివావని ఎప్పుడూ అడగలేదు.

పని సాగింది. తల్లులు ఒకరి తరవాత ఒకరు వచ్చి, బిడ్డ ఒంటిమీదివి విప్పి, ఇప్పుడు మాబున్ని చేతుల్లో ఉన్న శాలువాలో వేయవలసి వచ్చింది. ఒకామె, "ఇవి మావి గూడా కాదు, మా తోడికోడలివి" అని గొణిగింది. ఒక చిన్నపిల్లలాంటి తల్లి, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే తల ఎత్తకుండా నిలబడింది. ఒక్కొక్కటి పడుతున్నకొద్దీ చేతులు కిందికి లాగుతున్నాయి. అనాలనుకున్న మాట మాబున్ని గొంతు దాకా వచ్చి, ఒక్కొక్క ముఖం చూసేసరికి ఆగిపోతోంది.

తూకమంతా అయ్యేసరికి సుంకమ్మ కాగితం మీద లెక్క తేలింది. గీతకు కింద ఇరవై ఏడుగురు.

కరీముల్లా షా శాలువా తీసుకుని గుమ్మంలో కూర్చుని ఊదడం మొదలుపెట్టాడు. నిజంగానే ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, బిడ్డ పేరు అడిగి, కళ్ళు మూసుకుని చదివి ఊదుతున్నాడు.

లోపల తల్లులు ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడిపోయారు. కొందరు వెళ్ళి ఎర్రచాప మీద సర్దుకున్నారు. అది నలుగురైదుగురికి వేసిన చాప. మిగతావాళ్ళు దాని అంచుల్లో ఇరుక్కున్నారు. చివరికి ఖాజాబీ కొడుకును చంకనేసుకుని అటు నడిచింది.

"సిస్టరమ్మా, ఆ పచ్చచాప గూడా ఇటు తెచ్చేయ్. చోటు చాలడం ల్యా."

మొదట నవ్వింది సుంకమ్మ. తరవాత ఎవరో ఫక్కున నవ్వారు. తరవాత గది గదంతా నవ్వింది. కన్నీళ్ళు పెట్టుకున్న చిన్నతల్లి కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మాబున్నికి నవ్వు రాలేదు. పచ్చచాప ఈడ్చుకొచ్చి ఎర్రచాప పక్కన వేసి, వాళ్ళ మధ్యన కూర్చుంది. ఇన్నాళ్ళూ పిల్లలకు ఏం పెట్టాలో చెప్పింది. పప్పు, గుడ్డు, ఆకుకూర, నెయ్యి చుక్క. ఇక్కడ కూర్చుని చెప్పడానికి కొత్తగా ఏమీ లేదు.

"నిన్న పొద్దున పిల్లలు ఏం తిన్నారు?" అని అడిగింది.

"నిజం చెప్పాల్నా?" అంది ఖాజాబీ.

"చెప్పు."

"ఏమీ తినల్యా. ఈ పొద్దయితే నీళ్ళు తాపినా, తూకముండాదని. నిన్న అవి గూడా లేవు."

అప్పుడు సుంకమ్మ చెప్పింది. ఉగాది పోయినప్పటి నుంచి ఎండలకు గనుల్లో పనివేళ మార్చారు. తెల్లవారుజామున అయిదుకే గనిలో ఉండాలి. మళ్ళీ ఇంటికొచ్చేది మధ్యాహ్నం. ఆ వేళకు పొయ్యి ఎవరు వెలిగిస్తారు, నిద్రలో ఉన్న బిడ్డకు ఎవరు తినిపిస్తారు? ఆరేడేళ్ళ అక్కకో ముసలి అవ్వకో అప్పగించి పోతారు.

"నీ జావ పది గంటలకు గదా. అప్పటికి ఏడ్చి ఏడ్చి మళ్ళీ నిద్రపోతారు. నిద్రపోయే బిడ్డను ఎత్తుకొని ఇంత దూరం ఎవరు తెస్తారు సిస్టరమ్మా? నా బిడ్డకు గూడా అంతే. అందరికీ అంతే."

"ఈ మాట నాకు ఎందుకు చెప్పలేదు?"

సుంకమ్మ చేతిలోని కాగితం మడిచింది. జవాబు ఖాజాబీ చెప్పింది. ఈసారి ఆమె గొంతులో ఎకసెక్కెం లేదు.

"చెప్తే యాడ కూచోబెడతావో తెలుసు గదమ్మా."

అందరూ వెళ్ళిపోయాక మాబున్ని గుమ్మం దగ్గరికి వచ్చింది. కరీముల్లా షా ఖాళీ శాలువా దులిపి భుజం మీద వేసుకుంటున్నాడు.

"మీకు ఎప్పుడు తెలిసింది హజ్రత్?"

"కొంచెం బరువైనది కట్టు తాతా అని పదో మనిషి అడిగినప్పుడు."

"అంతదాకా?"

"అంతదాకా నా తాయెత్తుకు ఇంత గిరాకీ వచ్చిందని సంబరపడినా."

మాబున్ని తల వంచుకుంది.

"తెలిశాక నాకు చెప్పి ఉంటే..."

"వాళ్ళను తిట్టేదానివి."

అవును. తిట్టేది. తిట్టడానికి నోరు తెరిచిన మనిషే కదా.

"వచ్చే నెల వాళ్ళొస్తారు. పోయిన నెలే ఎర్రబొట్టు ఒకటే అని రాసి పంపించాను. ఇప్పుడు బోర్డు మీద ఇరవై ఏడు. అయిదు ఊళ్ళు హజ్రత్. ఇది చూస్తే ఆ అయిదు ఊళ్ళు ఎవరిస్తారు నాకు? వాళ్ళకు ఏం చెప్పమంటారు?"

"ఈ రోజు తూకం సరిగ్గా ఉందా?"

"ఉంది."

"మంచిది" అని ఆయన నమాజుకు లేచాడు.

మాబున్ని లోపలికి వెళ్ళి ఎర్రబొట్ల అట్ట తీసింది. చెన్ని బొట్టు పోగా ఇంకా ఇరవై ఆరు కావాలి, అట్టలో పదహారే ఉన్నాయి. మిగతా పది పేర్లకు పంతులమ్మ తాను నుదుట పెట్టుకునే కుంకుమ ఇచ్చి పోయింది. మాబున్ని దాన్ని వేలితో అద్దుతూ ఒక్కొక్క పేరూ పైకి చదివింది.

మరునాడు తెల్లవారుజామున నాలుగున్నరకు కేంద్రం తలుపులు తెరుచుకున్నాయి. మొదటి రోజు నలుగురే బిడ్డల్ని తెచ్చారు, ఇదేమి వింతో చూద్దామని. వారం తిరిగేసరికి గనికి పోయే దారిలో ఆడవాళ్ళందరూ నిద్రకళ్ళ బిడ్డల్ని భుజాన వేసుకుని వచ్చి దించిపోసాగారు. రాగిజావ వేడిగా ఉండేది, అందులో బెల్లమూ వేరుశనగ పొడీ. తల్లుల్లో రోజుకు ఇద్దరు వంతు పెట్టుకుని పని మానుకుని కేంద్రంలో ఉండేవారు. ఎవరు ఏ రోజో సుంకమ్మ రాసి గోడకు అంటించింది. ఖాజాబీ వంతు వచ్చిన రోజున వద్దన్న బిడ్డ కూడా రెండో గిన్నె తాగేవాడు, ఆమె నోటికి జడిసి.

చాపలు రెండూ కలిపి కుట్టించింది మాబున్ని. తూకం రోజు ఎవరికి ఎక్కడ చోటుంటే అక్కడ.

చెప్పిన రోజుకే హైదరాబాదు వాళ్ళు వచ్చారు. ముగ్గురు. వాళ్ళలో పెద్దావిడ పిల్లల డాక్టరు, హైమవతి. తల నెరిసిన మనిషి, చెప్పులు బయటే విప్పి లోపలికి వచ్చింది. వెంట ఉన్న కుర్ర ఆఫీసరు చేతిలో మాబున్ని పంపిన రిపోర్టు ఉంది. అప్పటికింకా తూకం మొదలవలేదు. అతను బోర్డు ముందు నిలబడి వేలితో లెక్కపెట్టాడు. రిపోర్టు చూశాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఇందులో ఒకటే అని ఉంది. ఇక్కడ ఇరవై ఏడున్నాయి. ఒక్క నెలలో ఇంత పడిపోయిందా?"

గదిలో తల్లులంతా మాబున్ని వైపు చూశారు. గుమ్మంలో కరీముల్లా షా జపమాల తిప్పుకుంటూ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆయన వైపు చూడాలనిపించింది ఆమెకు. చూడలేదు.

"పడిపోలేదండి. ఒకటి అని రాసిందే తప్పు. పిల్లల ఒంటిమీది బరువులు తీయించకుండా నాలుగు నెలలు తూచాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి తల్లులు భయపడేలా చేశాను. ఆ తప్పు వాళ్ళది కాదు, నాది. పిల్లలకు పొద్దున తిండి లేదన్న సంగతి కూడా నాకు పోయిన నెలే తెలిసింది."

కుర్ర ఆఫీసరు డాక్టరమ్మ ముఖం చూశాడు. ఆవిడ ముఖంలో ఏమీ తెలియలేదు. పుస్తకం తీసి ఏదో రాసుకుంది. మాబున్నికి అయిదు ఊళ్ళూ తన కళ్ళ ముందే ఒక్కొక్కటిగా దూరమైపోతున్నట్టు అనిపించింది.

"సారూ, కొంచెం పక్కకు జరుగు" అని వినిపించింది.

ఖాజాబీ. కొడుకును ఎత్తుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఇమాం ఒంటిమీద నూలుపోగు లేదు. నున్నగా నూనె రాసి, తల దువ్వి తెచ్చింది. ఎవరూ పిలవకముందే ఉయ్యాల్లో కూర్చోబెట్టి, రెండు చేతులూ వదిలేసి, రెండడుగులు వెనక్కి వేసింది.

"సూడమ్మా డాక్టరమ్మా. దారం గూడా లేదు. నీళ్ళు గూడా తాపల్యా. ఇదంతా వాని సొంత బరువే."

ముల్లు ఊగింది. నిలిచింది.

"ఎనిమిది" అని సుంకమ్మ పైకి చదివి రాసింది. "పోయిన నెల ఏడూ ఏడువందలు."

తల్లుల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఖాజాబీ మాత్రం కొడుకు పెళ్ళిపీటల మీద ఉన్నప్పుడు తల్లి నిలబడినట్టు నిలబడింది. ఆమె వెనక, చంకల్లో బట్టల్లేని బిడ్డలతో, మిగతావాళ్ళు తమ వంతు కోసం వరసగా లేచారు. ఆ చిన్నతల్లి అందరికన్నా ముందుకు తోసుకుని వచ్చి నిలబడింది.

హైమవతి కళ్ళజోడు తీసి పెట్టుకుని, వంగి ముల్లు చూసింది. ఇమాం కార్డు తీసి, పదిహేనో నెల దగ్గర వేలు పెట్టి, గీత వెంబడి చూసింది. నెమ్మదిగా మాబున్ని వైపు తిరిగింది.

"గీత ఇంకా దాటలేదు కదమ్మా?"

"దాటలేదు" అంది మాబున్ని, గుమ్మంలో కళ్ళు మూసుకుని కూర్చున్న మనిషికి కూడా వినబడేంత గట్టిగా.